పిందె నిలవని రాజ్యం

కుంభగిరి రాజ్యంలో ఆ ఏడు పూలు విరగబూశాయి. చెబితే నవ్వుతారు గానీ, ఆ రాజ్యానికి వచ్చిన కష్టమే అది. గుమ్మడి తీగ నిండా పూలే, సొర పందిరి నిండా పూలే, మామిడి కొమ్మ కనపడకుండా పూతే. పువ్వు వాడిపోయాక దాని వెనక చిటికెన వేలంత పిందె రెండు రోజులు పచ్చగా ఊరించేది. మూడోనాడు పసుపు రంగుకు తిరిగి టప్పున రాలిపోయేది. కోసుకోవటానికి కాయ లేదు, మళ్ళీ నాటుకోవటానికి విత్తు లేదు.

చిత్రభాను మహారాజు యజ్ఞాలు చేయించాడు, కాలువలు తవ్వించాడు, పొలాలకు రెండింతలు ఎరువు తోలించాడు. ఏమీ లాభం లేకపోయింది. చివరికి ఊరూరా దండోరా వేయించాడు. "తేనెగూడెం పెద్ద బయన్న రాజుగారి మీద కోపంతో మంత్రం వేసి తేనెటీగల్ని కొండలు దాటించాడు. పంట లేకపోవటానికి అతనే కారణం!" అని. బయన్నను తీసుకుపోయి చెరసాలలో పెట్టారు.

బయన్న కూతురు గురివికి పదహారేళ్ళు. తండ్రి చెయ్యి పట్టుకుని కొండలన్నీ తిరిగిన పిల్ల. తేనెగూడెం వాళ్ళు కొండ కొసనుంచి తాడు కట్టుకుని దిగి, బండలకు వేలాడే తేనెపట్లు కోస్తారు. ఆ పనికి రెండు కట్టుబాట్లున్నాయి. పట్టుకు పైమూల తేనె ఉంటుంది, దాన్ని తలగూడు అంటారు. దాని కింద ఈగ పిల్లలు పెరిగే అరలుంటాయి, అది పిల్లగూడు. దిగినవాడు పట్టును ముట్టే ముందు అరచెయ్యి రాతికి ఆనించి, "తలగూడు నాది, పిల్లగూడు నీది" అనాలి. ఆ మాట విన్నాక ఈగలు లేవవు, కుట్టవు. ఆ మాట అన్నవాడు పిల్లగూడు జోలికి పోడు. రెండో కట్టుబాటు తాడుది. పైన తాడు పట్టేవాడు దిగినవాడికి బావమరిది కావాలి. బావ పడిపోతే తోడబుట్టిన దాని బతుకు కూలిపోతుందని అతనికి తెలుసు కనక, ఆ చేతులు జారవు.

బయన్నకు ఇరవై ఏళ్ళుగా తాడు పట్టింది ఎంకన్న, గురివి మేనమామ. అక్క చనిపోయాక కూడా అతను తాడు వదల్లేదని గూడెమంతా మెచ్చుకునేది. గురివికైతే మామ అంటే ప్రాణం. మోదుగాకుతో బూర ఊదటం, ఉడతతో మాట్లాడటం, పుల్లటి ఉసిరికాయ తిన్న వెంటనే నీళ్ళు తాగితే తియ్యగా ఉంటాయని కనిపెట్టడం, అన్నీ ఆయన నేర్పినవే.

అంతకు ముందు ఏడు రాజుగారు తన పాలన పాతికేళ్ళ పండుగకు తేనెతో తులాభారం తూగాలనుకున్నాడు. ఆయన కాస్త బొద్దుగా ఉంటాడు. బయన్న కొండలన్నిటి తలగూళ్ళూ కోసి తెచ్చిపోసినా త్రాసు కదల్లేదు. "ఇంక మళ్ళీ ఏడే దొరా, మిగిలినవి పిల్లగూళ్ళే," అని దండం పెట్టి వచ్చేశాడు. మూడోనాడు తూర్పుబండ మీదినుంచి పొగ లేచింది. గురివి పరుగెత్తుకు వెళ్ళేసరికి పదకొండు పట్లు పిల్లలతో సహా మాడి కింద పడి ఉన్నాయి. తూర్పుబండకు దారి గూడెం వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరు చూపించారో ఎంత అడిగినా తేలలేదు. ఆ రోజే ఈగలన్నీ రాజ్యం వదిలి పోయాయి. వాటి వెంట ముసురీగలు, తుమ్మెదలు, సీతాకోకలు కూడా పోయాయి.

గురివి తిన్నగా రాజసభకు వెళ్ళింది. "మా నాయనకు ఈతచాప అల్లటం తప్ప వేరే మంత్రం రాదు దొరా. పట్లు కాలిపోయినయ్, అందుకే ఈగలు పోయినయ్. ఎవరు కాల్చారో..."

"చాలు!" అన్నాడు రాజు, ఆమె మాట పూర్తికాకుండానే. కాసేపు తన పాదాల వైపు చూసుకుని, "నీ తండ్రి నిర్దోషి అయితే ఈగల్ని వెనక్కి తీసుకురా. ఈ గుమ్మడి పూత ముగిసేలోగా తెస్తే అతన్ని వదిలేస్తాను. తేలేకపోతే తేనెగూడెం వాళ్ళంతా అడవి ఖాళీ చేసి పోవాలి," అన్నాడు.

వెనకనుంచి ఎంకన్న ముందుకొచ్చాడు. "పిల్ల ఒక్కతే ఎట్లా పోతుంది దొరా? తాడు పట్టేందుకు నేను పోతా."

గురివికి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. "మామా, నీ మోకాలి నొప్పో?"

"మోకాలు ఇంటి కాడ వదిలేసి వస్తాలే," అన్నాడు ఎంకన్న.

ఈగలు ఏడు కొండల అవతలికి పోయాయని పిట్టల ద్వారా తెలిసింది. మామా కోడలూ తాడు భుజాన వేసుకుని బయలుదేరారు. మూడు రోజుల నడక. తండ్రి చెరసాలలో ఉన్నాడన్న దిగులు ఒక పక్క ఉన్నా, దారి పొడుగునా గురివికి బోలెడు చిన్న చిన్న ఆనందాలు దొరికాయి. వేడి రాగిసంకటిలో నంజుకున్న చింతచిగురు, రాతి గుంటలో నిలిచిన వాన నీళ్ళలో తమ ఇద్దరి మొహాలు, మామ చెప్పే అబద్ధపు కథలు. ఆ మూడు రోజులూ ఆమె చాలా నవ్వింది.

నాలుగో కొండ దిగేసరికి ఒక రాక్షసుడు దారికి అడ్డంగా కూర్చుని ఉన్నాడు. అతని పేరు లంబోష్ఠుడు. కింది పెదవి గడ్డం దాకా వేలాడుతోంది.

"ఆగండి!" అన్నాడు దీనంగా. "మీలో ఒకర్ని నేను తినాలి. ఎవర్నన్నది మీరే తేల్చుకోండి. నాకు తగువులు చేతకావు."

ఎంకన్న వెంటనే, "నన్ను తింటే మీ పళ్ళు ఊడతాయి స్వామీ, నేను ముదిరిన వెలక్కాయని. మా కోడలైతే లేత దోసకాయ!" అన్నాడు.

"మామా!" అని గురివి అతని భుజం మీద ఒక్కటిచ్చింది.

"తమాషాకి అన్నాలే అమ్మీ, ఏం కొడతావ్!"

ఇద్దరూ నవ్వుతుంటే రాక్షసుడు భోరుమన్నాడు. "ఆ పేరెత్తకండి! దోసపండు తిని ఏడు నెలలైంది. నేను మనుషుల్ని తినేవాణ్ణి కాదమ్మా. పొద్దున పది బుట్టలు, సాయంత్రం పది బుట్టలు దోసపళ్ళు తిని హాయిగా పడుకునేవాణ్ణి. ఇప్పుడు పిందె పడితే పడినట్టే రాలిపోతోంది. ఆకలికి తట్టుకోలేక ఈ పాడు బుద్ధి పుట్టింది."

గురివి అతని వెనకున్న దోస పాదు దగ్గరికి వెళ్ళి ఆకులు ఎత్తి చూసింది. పసుపు పచ్చని పూలు మిలమిలలాడుతున్నాయి. "ఇటు రా స్వామీ. ఈ సన్నని కాడ పువ్వు చూడు, ఇది మగది. దీని నడుమ పసుపు పొడి ఉంది కదా, అదే పుప్పొడి. ఈ రెండో పువ్వు వెనక బుల్లి పిందె ఉంది, ఇది ఆడది. ఆ పొడి దీని నడుమ పడితేనే పిందె నిలుస్తుంది."

"దానికి కాళ్ళు లేవే, ఎట్లా పోతుంది?"

"అందుకే ఈగ కావాలి. తేనె తాగుదామని ఇక్కడ వాలుతుంది, పొడి ఒంటికి అంటుకుంటుంది. అక్కడ వాలుతుంది, కొంచెం రాలుతుంది. తన కడుపు కోసం తిరుగుతూ తిరుగుతూ అడవికంతా కాయలు పెడుతుంది. ఆ సంగతి దానికి తెలియను కూడా తెలియదు."

గురివి ఒక మగపువ్వు తుంచి, రేకలు తీసేసి, ఆడపువ్వు నడుమ మెత్తగా అద్దింది. లంబోష్ఠుడు కూడా ప్రయత్నించాడు గానీ, అతని బొటనవేలు ఆనగానే పువ్వు కనిపించకుండా పోయింది. "నేను చూస్తూ కూర్చుంటానులే," అన్నాడు సిగ్గుపడి. మామా కోడలూ నడుం వంచి రెండు గడియలు పని చేస్తే నలభై పూలయ్యాయి. ఆ అడవికి ఒక మహిమ ఉంది. పిందె నిలిస్తే చాలు, చూస్తుండగానే కాయ పెరిగి పండిపోతుంది. నలభై దోసపళ్ళు ఘుమఘుమలాడాయి.

లంబోష్ఠుడు కళ్ళు మూసుకుని ముప్పై ఎనిమిది తిని, రెండు వాళ్ళ చేతిలో పెట్టాడు. "ఏడో కొండ అవతల గుహ ఉంది. అక్కడి మునిని అడగండి. ఈగల్ని మాత్రం తప్పకుండా తీసుకురండి తల్లీ. మనుషుల్ని తినాలంటే నాకు అసహ్యం."

గుహలో ముని నిజంగానే తపస్సు చేస్తున్నాడు, అయితే తలకిందులుగా. అది మనిషంత గబ్బిలం. తెల్లని గడ్డం కళ్ళ మీద పడుతుంటే ఉఫ్ఫు ఉఫ్ఫుమని ఊదుకుంటున్నాడు. అతని చుట్టూ వందల గబ్బిలాలు రెక్కలు కప్పుకుని వేలాడుతున్నాయి.

"దారి చెబుతాను. దానికి ముందు ఒక్క మాట చెప్పండి," అన్నాడు ముని. "మీ ఊళ్ళో మా వాళ్ళను ఎట్లా చూస్తారు?"

"దేవుళ్ళలా చూస్తాం స్వామీ!" అన్నాడు ఎంకన్న చేతులు జోడించి. "మీ మొహం చూడందే ముద్ద ముట్టం."

గురివి తల దించుకుంది. "లేదు తాతా. చూరులో కనపడితే పొగ పెడతాం. అరిష్టం అంటాం. నేను కూడా ఒకసారి రాయి విసిరా."

"తగిలిందా?" అన్నాడు ముని.

"లేదు తాతా."

"గురి తక్కువన్నమాట. మా అదృష్టం." ముని గడ్డం ఊదుకున్నాడు. "మీ ఇళ్ళలో దీపం దేనితో పెడతారు?"

"ఇప్పనూనెతో."

"ఇప్పపువ్వు చీకటి పడ్డాకే విచ్చుకుంటుంది. అప్పటికి తేనెటీగ నిద్రపోతుంది. ఆ పువ్వు దగ్గరికి పోయి పొడి మోసేది మేము. మేము పోకపోతే ఇప్పకాయ లేదు, నూనె లేదు, మీ ఇంట్లో దీపం లేదు. పగలు ఈగ, చీకట్లో మేమూ చిమ్మటలూ, పొడుగు గొట్టాల పూలకు తేనెపిట్ట. ఎవరి వంతు వాళ్ళకుంది. మాలో ఎవరు అలిగి వెళ్ళిపోయినా, ఆ వంతు పని అట్లాగే ఆగిపోతుంది."

"తెలియదు తాతా. మాకు ఎవరూ చెప్పలేదు," అంది గురివి.

"ఈ గుహ మీది ఎర్రబండకే రాణి పట్టు పెట్టింది. పైనుంచి తాడుతో దిగాలి. నీ తాడు ఎవరు పడతారు?"

"మా మామ!" అంది గురివి గర్వంగా.

ముని ఎంకన్న వైపు చాలాసేపు చూశాడు.

ఎర్రబండ కొసన నిలబడి చూస్తే కింద చెట్లు కొత్తిమీర కట్టల్లా కనిపించాయి. ఎంకన్న తాడు కొసను గురివి నడుముకు కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు. గురివి పాదాలు బండకు తన్నిపెట్టి దిగింది. సగం కొండ దిగేసరికి గొడుగంత పట్లు బారుగా వేలాడుతున్నాయి. నడిమి పట్టు వెనక రాయి చీలి చిన్న నెరియ ఉంది. దాని ముందు జానెడు గట్టు. గురివి గట్టు మీద నిలబడి, అరచెయ్యి రాతికి ఆనించి, "తలగూడు నాది, పిల్లగూడు నీది," అంది.

నెరియలోంచి రాణి బయటికొచ్చింది. బొటనవేలంత ఉంది, నడుముకు బంగారు పట్టీలు ఉన్నాయి.

"ఈ మాటలు విని విని విసిగిపోయాను," అంది రాణి. "ఇరవై ఏళ్ళు నీ తండ్రి ఈ మాటే అన్నాడు, నిలబెట్టుకున్నాడు. ఆ ఆఖరి రోజు ఇంకో చెయ్యి రాతి మీద ఆనింది. అదే మాట, అదే గొంతు తీరు. మేము నమ్మాం. రెక్కలు ముడుచుకుని పిల్లల మీద కూర్చున్నాం. అప్పుడు ఇత్తడి టోపీల రాజభటులు కాగడాలు దించారు. ఆ మాట వినపడకపోతే మేము లేచేవాళ్ళం. కుట్టి తరిమేవాళ్ళం. ఆ మాటే మమ్మల్ని కదలకుండా చేసింది."

"ఎవరా చెయ్యి?" అంది గురివి.

"మాకు మొహాలు గుర్తుండవు పిల్లా, వాసన గుర్తుంటుంది. ఆ చేతి చెమట వాసన ఇప్పుడు నీ నడుముకున్న తాడుకు ఉంది."

గురివి తాడు వైపు చూసింది. తర్వాత పైకి చూసింది. బండ అంచున మామ తల చిన్నగా కనపడుతోంది.

"మామా!" అని అరిచింది. "తూర్పుబండ మీద చెయ్యి పెట్టింది నువ్వేనా?"

తాడు సన్నగా వణికింది. కాసేపటికి వేరే పురికొసకు కట్టిన గంధపు చెక్క పెట్టె ఒకటి కిందికి దిగింది.

"రాణిని ముందు ఆ పెట్టెలో పెట్టి పైకి పంపు అమ్మీ," అంది పైనుంచి ఎంకన్న గొంతు. "తరవాత అన్నీ మాట్లాడుకుందాం. రాణి ఎక్కడుంటే ఈగలక్కడే ఉంటయ్. రాజుగారి తోటలో పెట్టుకుంటారంట. మీ నాయన్ని వదిలేస్తారు. నన్ను కొండలన్నిటికీ పెద్దని చేస్తారు."

"నువ్వేనా మామా?"

"ఎంతకాలమని పైన నిలబడి తాడు పట్టమంటావ్? పేరు మీ నాయనది, బొబ్బలు నావి! పట్లు అన్ని కాలుస్తారని నాకు మాత్రం తెలుసా? రెండు మూడు అన్నారు." అతని గొంతు బతిమాలుతున్నట్టుగా మారింది. "నిన్ను వదలను అమ్మీ. మా అక్క మీద ఒట్టు."

"అమ్మ పేరు తియ్యకు!"

"అయితే పెట్టె పంపు. పంపేదాకా నిన్ను పైకి లాగను."

గురివికి కాగడాల కన్నా ఎక్కువగా ఆ దోసకాయ హాస్యం గుర్తొచ్చింది. ఈ మూడు రోజులూ తను నవ్విన నవ్వులన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. పెట్టె మూట అడుగున పెట్టుకుని కూడా అతను ఉడతతో కబుర్లు చెప్పాడు. చింతచిగురులో లేతది ఏరి తన ఆకులో వేశాడు. వాటిలో ఏది నిజం? అన్నీ అబద్ధాలైతే ఇంత బాధ ఉండేది కాదేమో.

ఆమె పెట్టెకున్న పురికొస విప్పేసి, కాలితో ఒక్క తన్ను తన్నింది. అది తిరుగుతూ తిరుగుతూ లోయలో పడింది. తర్వాత నడుముకున్న ముడి విప్పింది. గాలికి తాడు దూరంగా ఊగింది.

"నువ్వు పట్టిన తాడు నాకొద్దు!" అంది.

పైన ఒక్క కేక వినిపించింది. తర్వాత ఖాళీ తాడు పైకి పోయింది, అడుగుల చప్పుడు పరుగెత్తింది, అంతా సద్దుమణిగింది. జానెడు గట్టు మీద, తాడు లేకుండా గురివి నిలబడి ఉంది.

"పిచ్చి పిల్లా," అంది రాణి. చాలా మెల్లగా అంది. "నన్ను ఇచ్చేస్తే నీ తండ్రి బయటికొచ్చేవాడు కదా."

"మా నాయన మీకిచ్చిన మాట మీద బతికినోడు. మిమ్మల్ని అమ్మి తెచ్చుకుంటే నా మొహం చూడడు," అంది గురివి. అప్పుడు ఏడ్చింది. ఈగలు ఆమె చేతుల మీద, భుజాల మీద వాలాయి. ఒక్కటీ కుట్టలేదు.

ఏడుపు తగ్గాక రాణి అంది. "ఒట్లు నాకొద్దు. రెండు పనులు జరగాలి. ఒకటి, తెల్లవారినప్పటి నుంచి పూలు ముడుచుకునేదాకా ఒక్క పూట మీ రాజ్యంలో ప్రతి ఒక్కరూ మా పని చెయ్యాలి. రెండోది, నిప్పు పెట్టమన్నవాడు తన నోటితో తనే పదిమందిలో ఒప్పుకోవాలి. నువ్వు అతని పేరు చెప్పకూడదు, చెప్పించకూడదు. ఈ రెండూ జరిగితే వస్తాం. నెరియలో దూరిపో, దారి ఉంది."

గురివి ఇరుకు నెరియలో పాకింది, జారింది, మోచేతులు గీసుకుంది, ఆఖరికి దబ్బున పోయి గబ్బిలాల గుహలో పడింది.

"రాయి విసిరిన పిల్లవేనా?" అన్నాడు ముని గడ్డం ఊదుకుంటూ. "ఈసారి నువ్వే వచ్చి పడ్డావే!"

ఏడ్చి ఏడ్చి ఉన్న గురివికి ఎక్కడినుంచో నవ్వు వచ్చేసింది.

ఆమె కుంభగిరి చేరేసరికి సభలో ఎంకన్న నడుముకు వెండి మొలతాడు మెరుస్తోంది. తాడు తెగి గురివి పడిపోయిందనీ, ఈగలు ఇక రావనీ చెప్పి అతను కొండల పెద్ద పదవిలో కూర్చున్నాడు. ఆ కబురే చెరసాలలో బయన్నకూ చెప్పాడు. గడపలో గురివిని చూడగానే ఎంకన్న లేచి నిలబడి, వెండి మొలతాడును చేత్తో కప్పుకున్నాడు.

గురివి అతని వైపు చూడలేదు. రాజుకు రాణి మాటలు రెండూ చెప్పింది. "నాదొక్క మనవి దొరా. ఆ పూట మా నాయన్ని కూడా పొలానికి తీసుకురండి."

"పూలు తాకటమే కదా!" అన్నాడు రాజు. రెండో మాట వినపడనట్టే ఊరుకున్నాడు.

మర్నాడు తొలి వెలుగుకే రాజ్యమంతా గుమ్మడి పొలాల్లో దిగింది. బయన్నను సంకెళ్ళతో తెచ్చారు. చచ్చిపోయిందనుకున్న కూతుర్ని చూసి అతను సంకెళ్ళ చేతుల్తోనే ఆమె తల నిమిరాడు. గురివి ఎట్లా అద్దాలో అందరికీ చూపించింది. అబ్బ, గుమ్మడిపువ్వు విచ్చుకుంటుంటే చూడాలి! మంచు నీటితో బరువెక్కిన రేకలు ఐదూ మెల్లగా వెనక్కి వాలతాయి, లోపల పసుపు వెలుగు దాచిపెట్టినట్టుంటుంది. మొదట అంతా సంబరంగానే సాగింది. సేనాపతి మీసాలకు పుప్పొడి అంటింది. పిల్లలు పువ్వులోకి ముక్కు పెట్టి తుమ్మారు. గంట గడిచేసరికి నడుములు పట్టేశాయి. రెండు గంటలకు మోకాళ్ళు వంగనన్నాయి. అంతలో ఎండెక్కి పూలు ముడుచుకోవటం మొదలైంది. పొలంలో ఇంకా సగం కూడా కాలేదు.

"ఎన్ని చేశారు దొరా?" అని అడిగింది పక్క సాలులోని రైతు ముసలమ్మ.

"పదకొండు," అన్నాడు రాజు ఆయాసపడుతూ.

ముసలమ్మ వంగి చూసింది. "వీటిల్లో తొమ్మిది మగపువ్వుకు మగపువ్వే అద్దినారు కదా సామీ! మీరు చేసింది రెండు." చుట్టూ జనం నవ్వారు. ముసలమ్మ నడుము పట్టుకుని నిటారుగా లేచింది. "ఒక్క పూటకే మనకిట్లా ఉంది. అవి పుట్టినప్పటినుంచీ ఇదే పని. ఏనాడైనా వచ్చి మనల్ని ఏమన్నా అడిగినయ్యా? వాటి పిల్లల్ని కాల్చినోడికి చేతులెట్లా వచ్చినయ్యో."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ ఆకాశం వైపు చూశారు. ఒక్క ఈగ లేదు. పూలు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి. గురివి నాలుక చివరి దాకా మాట వచ్చింది. సంకెళ్ళతో ఉన్న తండ్రిని చూసింది. పళ్ళు బిగపట్టి ఊరుకుంది. నిజం తెలిసినవాళ్ళలో ఎంకన్న తల ఎత్తలేదు. రాజు తన వేళ్ళకంటిన పసుపు పొడిని చూసుకుంటున్నాడు. తన పదకొండు పూలనూ మళ్ళీ చూసుకున్నాడు. కాలిన పట్లు కూడా పదకొండే.

ఆయన తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బయన్న ఏ మంత్రమూ వెయ్యలేదు," అన్నాడు. మొదట ఎవరికీ వినపడలేదు. గొంతు పెంచాడు. "నిప్పు పెట్టమన్నది నేను. త్రాసు తూగలేదని సిగ్గుపడి పెట్టమన్నాను. ఆ సిగ్గు దాచుకోవటానికి నిర్దోషిని చెరలో వేశాను. అబద్ధం దండోరా వేయించి మీ అందరినీ మోసం చేశాను."

అప్పుడు ఒక వెడల్పాటి ఆకు నీడలో ఇంకా ముడుచుకోని ఒకే ఒక్క పువ్వు దగ్గర జుమ్ముమని సన్నని చప్పుడైంది. ఒక ఈగ పువ్వులోకి దూరింది. ఒళ్ళంతా పసుపు పూసుకుని బయటికొచ్చింది. కొండల వైపు ఆకాశం మబ్బు పట్టినట్టు నల్లబడింది, ఆ మబ్బు పాడుతోంది.

పిల్లలు కేకలు పెట్టారు. రాజు తన చేత్తోనే బయన్న సంకెళ్ళు విప్పాడు.

నెల తిరగకుండా కుంభగిరిలో గుమ్మడికాయలు బండ్లకెత్తలేనన్ని కాశాయి. లంబోష్ఠుడు మనుషుల్ని తినే ఆలోచన పూర్తిగా మానుకున్నాడని కబురు పంపాడు. కొండలన్నిటి మీదా రాజాజ్ఞ కన్నా గురివి మాటే పైనుండాలని చిత్రభాను మహారాజు శాసనం వేయించాడు. ఎవరి చూరులోనైనా గబ్బిలం కనిపిస్తే పొగ పెట్టకూడదన్నది ఆమె మొదటి ఆజ్ఞ. ఈగలు అన్ని బండలకూ తిరిగొచ్చాయి, ఒక్క తూర్పుబండకు తప్ప. అది మాత్రం చాలా ఏళ్ళు ఖాళీగానే ఉంది.

ఎంకన్న చేసిన పని కూడా బయటపడ్డాక అతన్ని రాజ్యం నుంచి తరిమేద్దామన్నారు. గురివి వద్దంది. అతను వెండి మొలతాడు తిరిగి ఇచ్చేసి, ఊరి చివర ఒంటరిగా ఉంటున్నాడు. తొలి గుమ్మడికాయ కోసిన రోజు బెల్లం వేసి వండి గూడెంలో అందరికీ పంచుతుంటే, అతను ఆకు దొన్నె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. గురివి దొన్నె నిండా పెట్టింది. అతను కదల్లేదు.

"ఒక్కసారి మామా అని పిలువు అమ్మీ."

గురివి చాలాసేపు అతని చేతుల వైపు చూసింది. తాడు ఒరుసుకుని కాచిన కాయలు ఇంకా ఉన్నాయి.

"పిలవాలనే ఉంది," అంది. "నోరు రావటం లేదు. రేపు కూడా రా, తిందువు గాని."

మర్నాడు అతను వచ్చాడు. ఆ మర్నాడు కూడా వచ్చాడు.